మంత్రి స్టీవెన్స్: చిన్న ఆస్తిపరుని రాజకీయం

కెనడాలోని వాంకూవర్ నగరంలో ఒక కేంద్ర ప్రభుత్వ భవనానికి చాలాకాలం హ్యారీ స్టీవెన్స్ పేరు వుండేది. 2019లో ఆ పేరు తొలగించారు. అంతకు మూడేళ్ళ ముందు, 2016 మే 18న, కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో కొమగాటా మారు నౌక ప్రయాణీకులకు తన దేశం చేసిన అన్యాయానికి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ నౌకను ఒడ్డు చేరనీయకుండా తిప్పిపంపడానికి అందరికంటె ఎక్కువ పాటుపడిన రాజకీయ నాయకుడు ఈ స్టీవెన్సే. కనుక పేరు తొలగించడం న్యాయమే. దానికి మనం సంతోషించవలసిందే.

కాని గోడమీద పేరు చెరిపివేసినంత సులభంగా చరిత్రలో ప్రశ్న చెరిగిపోదు. ఎందుకంటే ఇదే స్టీవెన్స్ ఇరవై సంవత్సరాల తరువాత, మంత్రి పదవిలో వుండి, తన దేశంలోని గుత్తసంస్థల మీద ధ్వజమెత్తాడు. పెద్ద డిపార్టుమెంటు స్టోర్సు కుట్టుపని చేసే ఆడవాళ్ళను ఎలా పిండుకుంటున్నవో, మాంసపు కంపెనీలు పశువులు పెంచే రైతును ఎలా దోచుకుంటున్నవో బయటపెట్టాడు. దానికోసం మంత్రి పదవి వదులుకున్నాడు. 1914లో మన దేశీయుల పాలిట శత్రువైన మనిషి 1934లో పేదల పక్షం మాట్లాడడమేమిటి?

ఉదారవాద చరిత్రకారులకు దీనికి సులభమైన సమాధానం వున్నది. మనిషన్నాక మంచీ చెడూ రెండూ వుంటాయి, నౌక విషయంలో అతడు తన కాలానికి బానిస, కమిషన్ విషయంలో తన కాలానికి ముందున్నవాడు అని వారంటారు. ఇది సమాధానం కాదు, ప్రశ్ననుంచి తప్పుకోవడం. ఇద్దరు స్టీవెన్సులు లేరు. 1914లో మాట్లాడినవాడే 1934లోనూ మాట్లాడాడు. ఆ రెండు మాటలూ ఒకే వర్గపు నోటినుంచి వచ్చినవి.

స్టీవెన్స్ పుట్టుపూర్వోత్తరాలు

హెన్రీ హెర్బర్ట్ స్టీవెన్స్ 1878లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టాడు. తొమ్మిదేళ్ళ వయస్సులో కుటుంబంతోపాటు కెనడాకు వలస వచ్చాడు. అంటే తరువాత వలసదారులను తరిమికొట్టిన ఈ పెద్దమనిషి తానూ వలసదారుడే. కుటుంబం తూర్పు కెనడానుంచి పడమటి తీరాన వున్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి చేరింది. యువకుడుగా రకరకాల పనులు చేశాడు. వాంకూవరులో కిరాణా కొట్టులో పనిచేశాడు, లెక్కలు రాశాడు, చివరకు ఇళ్ళస్థలాల బేరాలలోను, బీమా వ్యాపారంలోను కుదురుకున్నాడు. మెథడిస్టు చర్చిలో ధర్మోపన్యాసాలు చేసేవాడు. పొదుపు, మద్యనిషేధం, నిజాయితీ, స్వయంకృషి అతని నీతిసూత్రాలు.

1910లో నగరపాలక సభకు, 1911లో కన్సర్వేటివు పార్టీ అభ్యర్థిగా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అప్పటినుంచి 1940 వరకు, 1930లో కొద్ది వ్యవధి తప్ప, పార్లమెంటులోనే వున్నాడు. అతడు కోటీశ్వరుడు కాడు, కూలీ కూడా కాడు. పై వాణ్ణి చూచి అసూయ, కింది వాణ్ణి చూచి భయం, తన చిన్న ఆస్తిమీద అపారమైన మమకారం: ఈ మూడింటిమధ్య బతికే వర్గానికి అతడు అచ్చమైన ప్రతినిధి.

1914: రేవులో నౌక

ఆనాటి బ్రిటిష్ కొలంబియాను అర్థం చేసుకోకుండా స్టీవెన్సును అర్థం చేసుకోలేము. ఆ రాష్ట్రపు సంపద అడవులు, గనులు, చేపలు, రైలుమార్గాలు. వాటిని తవ్వి, నరికి, మోసే కూలీలుగా చైనా, జపాను, భారతదేశాలనుంచి మనుషులను రప్పించి, తెల్ల కార్మికునికంటె తక్కువ కూలి ఇచ్చి, కంపెనీలు లాభాలు గడించాయి. 1904నుంచి 1908 వరకు సుమారు 5 వేలమంది భారతీయులు, అత్యధికులు పంజాబీ సిక్కులు, అక్కడ దిగి కలప కోతమిల్లులలో, రైలుదారుల మీద పనికి కుదిరారు. కూలిరేట్లు తగ్గుతున్నవన్న తెల్ల కార్మికుని ఆగ్రహం కంపెనీమీదికి పోకుండా పక్కవాని చర్మంమీదికి మళ్ళింది. 1907 సెప్టెంబరులో వాంకూవరులో చైనా, జపాను వారి వాడలపై మూకదాడి జరిగింది. ఆసియావాసుల బహిష్కరణకు ఏర్పడిన సంఘంలో కార్మిక సంఘాల నాయకులు కూడా వున్నారు. ఈ సత్యాన్ని మనం దాచుకోవలసిన పనిలేదు. కార్మికోద్యమం ఆనాడు చేసిన తప్పును ఒప్పుకున్నప్పుడే ఆ తప్పునుంచి నేర్చుకోగలము.

అదే సంవత్సరం భారతీయులకు ఆ రాష్ట్రంలో ఓటుహక్కు తీసివేశారు. 1908లో కెనడా ప్రభుత్వం మరొక తంత్రం పన్నింది. స్వదేశంనుంచి ఎక్కడా ఆగకుండా ఏకప్రయాణంగా వచ్చినవారినే దిగనిస్తామన్నది. భారతదేశంనుంచి కెనడాకు నేరుగా వచ్చే నౌక లేనేలేదు. పైగా ఆసియావాసి చేతిలో 200 డాలర్లు వుండాలన్నది. ఏకప్రయాణపు నిబంధనలో జాతిపేరు లేదు. బ్రిటిషు సామ్రాజ్యంలో ప్రజలందరూ సమానులే కదా, పైకి అలా రాయకూడదు!

ఈ చట్టపు ముసుగును తొలగించిన ఘనత బాబా గురుదిత్ సింగుది. ఆయన కొమగాటా మారు అనే జపాను నౌకను అద్దెకు తీసుకుని 1914 ఏప్రిల్ 4న హాంకాంగునుంచి బయలుదేరారు. దారిలో షాంఘై, మోజి, యొకొహామా రేవులలో మరికొందరు ఎక్కారు. మే 23న నౌక వాంకూవరు చేరేసరికి అందులో 376మంది వున్నారు. వారిలో 340మంది సిక్కులు, 24మంది ముస్లిములు, 12మంది హిందువులు. అందరూ బ్రిటిషు ప్రజలే. చాలామంది బ్రిటిషు సైన్యంలో పనిచేసినవారు.

అక్కడ మొదలైంది స్టీవెన్సు పని. ఆ రేవులో వలసశాఖ అధికారి మాల్కం రీడ్ స్టీవెన్సు చలవవల్ల ఉద్యోగం సంపాదించిన మనిషి. స్టీవెన్సు ప్రోత్సాహంతో రీడ్ విచారణను రోజురోజుకూ సాగదీశాడు. గడువు దాటితే నౌక అద్దె బాకీ పడి, నౌక దానంతటదే తిరిగిపోతుందని వారి ఎత్తు. ప్రయాణీకులను ఒడ్డు ఎక్కనీయలేదు, న్యాయవాదిని స్వేచ్ఛగా కలవనీయలేదు. నౌకలో తిండికి, మంచినీళ్ళకు కరవొచ్చింది. ఒడ్డున వున్న భారతీయులు కోతమిల్లుల కూలిలోనుంచి కూడబెట్టిన డాలర్లతో అద్దె బాకీ తీర్చారు. వారి నాయకులలో హుసేన్ రహీం కెనడా సోషలిస్టు పార్టీ సభ్యుడు. తెల్లవారిలో కూడా అందరూ స్టీవెన్సులు కారు. ప్రయాణీకుల తరఫున వాదించిన న్యాయవాది ఎడ్వర్డ్ బర్డ్ తెల్లవాడే.

జూన్ 23న వాంకూవరులో జరిగిన బహిరంగసభలో స్టీవెన్స్ ప్రధాన వక్త. కెనడాలో ఆంగ్లజాతి నాగరికత నిలుస్తుందా, నిలవదా అన్నదే ప్రశ్న అని అక్కడ ప్రకటించాడు. ఆసియావాసి తెల్లసమాజంలో కలవడు కనుక అతనికి చోటు లేదన్నాడు. జూలై 6న రాష్ట్ర అప్పీలు కోర్టు ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పింది. జూలై 19న తెల్లవారకముందే సీ లయన్ అనే చిన్న స్టీమరులో పోలీసులను నింపుకుని నౌకను బలవంతంగా పట్టుకోబోయారు. ప్రయాణీకులు బొగ్గుపెళ్ళలతో, ఇటుకలతో వారిని తరిమికొట్టారు. అప్పుడు కెనడా ప్రభుత్వం రెయిన్‌బో అనే యుద్ధనౌకను రప్పించింది. ఆకలితో వున్న కూలీలమీదికి ఫిరంగుల నౌక! లోగడ కెనడాలో నివాసమున్న ఇరవైమందిని, మరి కొద్దిమందిని మాత్రం దిగనిచ్చారు. రెండు నెలలు రేవులో నిలిచిన నౌక జూలై 23న వెనుదిరిగింది.

తరువాతి కథ మన చరిత్రలోది. సెప్టెంబరు 29న కలకత్తా సమీపాన బజ్‌బజ్‌లో బ్రిటిషు ప్రభుత్వం ఆ ప్రయాణీకులపై కాల్పులు జరిపింది. సుమారు 20మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ దారుణం గదర్ వీరుల ఆగ్రహానికి ఆజ్యం పోసింది. అమెరికాలో చదువుకుంటూ ఆ పార్టీలో చేరి, తరువాత సంవత్సరాల తరబడి జైలు అనుభవించిన మన దరిశి చెంచయ్య ఆ తరానికి చెందినవారే.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 1913లోనే వాంకూవరులో భూముల జూదం కుప్పకూలింది. నిర్మాణపు పనులు ఆగిపోయాయి. 1914 నాటికి నగరం నిండా నిరుద్యోగులు. ఈ సంక్షోభానికి కారకులు రేవులో దాహంతో అలమటిస్తున్న 376మందా, లేక స్థలాల ధరలను ఆకాశానికి ఎక్కించిన వ్యాపారులా? స్థలాల బేరం తెలిసిన స్టీవెన్సుకు ఈ ప్రశ్న తట్టలేదు. తట్టివుంటే అతడు ఆ సభలో ప్రధాన వక్త అయివుండేవాడు కాడు.

మధ్యకాలం

1921లో మీగెన్ మంత్రివర్గంలో స్టీవెన్స్ కొద్దినెలలు వర్తక మంత్రిగా పనిచేశాడు. 1926లో, ప్రతిపక్షంలో వుండగా, కస్టమ్సుశాఖలోని కుంభకోణాన్ని పార్లమెంటులో బయటపెట్టాడు. అమెరికాలో మద్యనిషేధం అమలులో వున్న రోజులవి. సరిహద్దు దాటి సారా అటు పోతున్నది, దొంగసరుకు ఇటు వస్తున్నది. అధికారులు లంచాలు మింగుతున్నారు. స్టీవెన్సు ఆరోపణలు మెకంజీ కింగ్ లిబరలు ప్రభుత్వం గద్దె దిగడానికి దారితీశాయి. ఆ వెంటనే ఏర్పడి కొద్దిరోజులకే కూలిన మీగెన్ ప్రభుత్వంలో కస్టమ్సుశాఖ స్టీవెన్సు చేతికే వచ్చింది. ఇక్కడ కూడా అతని దృష్టి గమనించండి. దొంగ అధికారి, దొంగ వ్యాపారి అతనికి కనపడ్డారు. వ్యాపారమే దొంగతనంగా మారే వ్యవస్థ అతనికి కనపడలేదు.

1934: మంత్రి తిరుగుబాటు

1930లో బెనెట్ ప్రధాని అయినప్పుడు స్టీవెన్స్ మళ్ళీ వర్తక మంత్రి అయ్యాడు. బెనెట్ అగ్గిపెట్టెలు, కాగితం చేసే ఎడ్డీ కంపెనీ యజమాని, కోటీశ్వరుడు. ప్రపంచ ఆర్థికసంక్షోభం కెనడాను కుదిపివేస్తున్నది. 1933 నాటికి నాలుగింట ఒక వంతుకు మించిన కార్మికులకు పనిలేదు. పడమటి మైదానాలలో గోధుమరైతు పంట కోతఖర్చులకే చాలని ధరకు గింజలు అమ్ముకుంటున్నాడు. ప్రభుత్వం ఏం చేసింది? 1931లో టిం బక్ ప్రభృతి కమ్యూనిస్టు నాయకులను శిక్షాస్మృతిలోని 98వ సెక్షను కింద జైలుకు పంపింది. 1932లో పెళ్ళికాని నిరుద్యోగులను రక్షణశాఖ శిబిరాలలో పడవేసి రోజుకు 20 సెంట్లు కూలి ఇచ్చింది. ఈ రెండు పనులూ జరిగినప్పుడు స్టీవెన్స్ ఆ మంత్రివర్గంలో వున్నాడు.

1934 జనవరిలో టొరంటోలో చెప్పుల దుకాణదారుల మహాసభ జరిగింది. ప్రధాని రాలేకపోగా అతని బదులు స్టీవెన్స్ మాట్లాడాడు. మాట్లాడినవాడు మంత్రి, విన్నవాళ్ళు చిన్న దుకాణదారులు. ఒకప్పుడు కిరాణా కొట్టులో పనిచేసిన మనిషి తన వాళ్ళమధ్య నిలబడి తన వాళ్ళ గోడు చెప్పాడు. పెద్ద సంస్థలు మూకుమ్మడిగా కొనే శక్తిని ఆయుధంగా చేసుకుని, ఉత్పత్తిదారుని మెడలు వంచి, అతి తక్కువ ధరకు సరుకు లాగుతున్నాయి. ఆ ధరకు ఇవ్వడానికి కార్ఖానాదారు కూలీల కడుపు కొడుతున్నాడు. నష్టపోతున్నవారు ముగ్గురు: కూలీ, రైతు, చిల్లరవర్తకుడు. ఈ ఉపన్యాసం దేశమంతటా మారుమోగింది. బెనెట్ ఇరుకున పడ్డాడు. పార్లమెంటరీ సంఘాన్ని వేసి స్టీవెన్సునే అధ్యక్షుణ్ణి చేశాడు. జూలైలో అది రాయల్ కమిషన్ అయింది. దాని కార్యదర్శి లెస్టర్ పియర్సన్, 1963లో ప్రధాని అయిన వ్యక్తే. రైతుకు ముట్టే ధరకూ కొనేవాడు ఇచ్చే ధరకూ మధ్య వున్న వ్యత్యాసం ఎవరి జేబులోకి పోతున్నదో తేల్చడమే ఆ కమిషను పని.

ఆ కమిషను ముందు వచ్చిన సాక్ష్యాలు ఈనాటికీ చదవదగినవి. బట్టలు కుట్టే స్త్రీలకు డజను లెక్కన ఇచ్చే కూలిని పదేపదే తగ్గించారు. చట్టం నిర్ణయించిన కనీసవేతనం గిట్టేటంత వేగంగా కుట్టలేనివారిని పనిలోనుంచి తీసేస్తామని బెదిరించారు. పొగాకు కంపెనీ తాను చెప్పిన ధరకే రైతు ఆకు అమ్ముకోవలసిన గతి పట్టించింది. మాంసపు కంపెనీలు పశువుల సంతను తమ గుప్పిట్లో పెట్టుకున్నాయి. ఇవి కమ్యూనిస్టుల ఆరోపణలు కావు. కన్సర్వేటివు ప్రభుత్వం వేసిన కమిషను ముందు ప్రమాణపూర్వకంగా చెప్పిన మాటలు.

స్టీవెన్స్ ఇక్కడ గొప్ప విషయమే చెప్పాడు. కుట్టుపని చేసే ఆడది తక్కువ కూలికి ఒప్పుకున్నదంటే అది ఆమె తప్పు కాదు. పైనుంచి కొనేవాడు ధర నొక్కుతున్నాడు, ఆ నొక్కుడు మెట్టుమెట్టూ దిగివచ్చి ఆమె వేళ్ళమీద పడుతున్నది. మరి ఇదే తర్కాన్ని 1914లో కోతమిల్లులో తక్కువ కూలికి పనిచేసిన పంజాబీకి ఎందుకు వర్తింపజేయలేదు? అతనూ తన ఇష్టంతో కూలి తగ్గించుకోలేదు. కంపెనీ ఇవ్వలేదు, చట్టం అడగనివ్వలేదు, ఓటు లేక అతని గొంతు చట్టసభకు చేరలేదు. కుట్టుమిషను ముందు స్టీవెన్సుకు యజమాని కనపడ్డాడు. రంపం ముందు కూలీవాని తలపాగా మాత్రమే కనపడింది.

సొంత పార్టీ, సొంత ఓటమి

మంత్రులతో వైరం రాక తప్పలేదు. 1934 జూన్‌లో తన పార్టీ సభ్యులముందు చేసిన ప్రసంగంలో స్టీవెన్స్ సింప్సన్ స్టోర్సును పేరుపెట్టి దుయ్యబట్టాడు. ఆ ప్రసంగాన్ని అచ్చువేసిన కరపత్రం పత్రికలకెక్కింది. కంపెనీ పెద్దలు మండిపడ్డారు. మంత్రివర్గంలో వారి మిత్రులు క్షమాపణ అడిగారు. స్టీవెన్స్ లొంగక అక్టోబరులో రాజీనామా చేశాడు. ఆ ధైర్యాన్ని కాదనలేము. 1935 ఏప్రిల్‌లో కమిషను నివేదిక వెలువడింది. ఈలోగా బెనెట్ కూడా గాలి కనిపెట్టి, జనవరిలో రేడియోలో సంస్కరణలు ప్రకటించాడు. ఆ చట్టాలలో కనీసవేతనం, పనిగంటలు, నిరుద్యోగ బీమాకు సంబంధించినవాటిని 1937లో లండనులోని ప్రీవీ కౌన్సిలు చెల్లవని కొట్టివేసింది.

1935 జూన్‌లో శిబిరాలలోని నిరుద్యోగులు వాంకూవరునుంచి గూడ్సుబళ్ళ కప్పులమీద ఎక్కి రాజధాని ఒటావాకు బయలుదేరారు. జూలై 1న రెజైనాలో పోలీసులు వారిమీద విరుచుకుపడ్డారు. దేశంలో నిజమైన ప్రతిఘటన ఆ కప్పులమీద వున్నది. అదే జూలైలో స్టీవెన్స్ పునర్నిర్మాణ పార్టీ అనే కొత్త పార్టీ పెట్టాడు. దానికి అండ చిల్లరవర్తకులు, చిన్న కార్ఖానాదారులు. ప్రజాపనులు, ఇళ్ళనిర్మాణం, ధనికులపై పన్ను, గుత్తసంస్థలపై అదుపు దాని కార్యక్రమం. కర్మాగారాలు ఎవరివి కావాలన్న ప్రశ్న అందులో లేదు. పెట్టుబడిదారీ విధానానికి నీతి నేర్పాలన్నదే దాని సారాంశం.

అక్టోబరు 14న ఎన్నికలు జరిగాయి. పునర్నిర్మాణ పార్టీకి సుమారు 3 లక్షల 84 వేల ఓట్లు, అంటే వందకు దాదాపు 9 చొప్పున వచ్చాయి. గెలిచిన స్థానం ఒక్కటే, అది స్టీవెన్సుది. కన్సర్వేటివులు 40 స్థానాలకు పడిపోయారు. లాభపడింది మెకంజీ కింగ్. పెద్ద దుకాణాలకు పోయిందేమీ లేదు. కొన్నేళ్ళకే స్టీవెన్స్ పాత పార్టీకి తిరిగివెళ్ళాడు. 1940 తరువాత అతనికి పార్లమెంటులో చోటు లేదు. 1973లో చనిపోయాడు.

ఒకే చూపు, రెండు శత్రువులు

చిన్న ఆస్తిపరుడు తన పతనానికి కారణం ఎప్పుడూ బయట వెదుకుతాడు. కిందినుంచి అగ్గువ కూలీ వచ్చి పడ్డాడంటాడు. పైనుంచి పెద్ద షావుకారు మింగుతున్నాడంటాడు. మధ్యలో తాను మాత్రం ధర్మాత్ముడు. 1914లో కిందివాడు శత్రువు, 1934లో పైవాడు శత్రువు. రెండుసార్లూ అతడు రక్షించదలచింది ఒకటే: తన చిన్న దుకాణపు పాతప్రపంచం. పెట్టుబడి ఒకవంక ఆసియా కూలీని నౌకలలో లాగుకొచ్చింది, మరొకవంక చిల్లరకొట్టును మింగి డిపార్టుమెంటు స్టోర్సు కట్టింది. ఈ రెండూ ఒకే పెట్టుబడి చేసిన రెండు పనులని గ్రహించగలిగినది శ్రామికవర్గ దృక్పథం ఒక్కటే. అది లేని గుత్తవ్యతిరేకత ఏ క్షణాన్నైనా జాతివిద్వేషంవైపు తిరుగుతుంది. పెద్ద షావుకారును కొట్టడానికి బలం చాలనప్పుడు పక్కింటి పరాయివాణ్ణి కొట్టడం దానికి సులభం.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా చరిత్రలోనే వున్నది, అదే బ్రిటిష్ కొలంబియా కలప మిల్లులలో వున్నది. 1937లో పంజాబునుంచి అక్కడికి వెళ్ళిన దర్శన్ సింగ్ అనే యువకుడు కమ్యూనిస్టు అయి, కలప కార్మికుల యూనియనులో కార్యకర్తగా పనిచేశారు. తెల్లవాడూ పంజాబీ ఒకే సంఘంలో వుంటే తప్ప ఎవరి కూలీ నిలవదని ఆయన మిల్లుమిల్లుకూ తిరిగి చెప్పారు. 1947లో భారతీయులకు ఓటుహక్కు తిరిగివచ్చింది. దానికోసం పోరాడినవారిలో ఆయన ఒకరు. స్వాతంత్ర్యానంతరం పంజాబుకు తిరిగివచ్చి కమ్యూనిస్టు శాసనసభ్యుడై, 1986లో ఖలిస్తాన్ తీవ్రవాదుల తుపాకీకి బలి అయ్యారు. అక్కడ తెల్లజాతి అహంకారాన్ని, ఇక్కడ మతోన్మాదాన్ని ఒకే నమ్మకంతో ఎదిరించిన మనిషి.

మంత్రి స్టీవెన్సుకు ముప్ఫయ్యేళ్ళు పార్లమెంటు, మూడు మంత్రివర్గాలు, ఒక రాయల్ కమిషన్ అందినా కనపడని సత్యం రంపపుపొట్టులో పనిచేసిన కూలీలకు కనపడింది. తక్కువ కూలికి మందు తక్కువ కూలీవాణ్ణి తరమడం కాదు, అతని కూలి పెంచడం. ఈనాడు కూడా మన ఊళ్ళలో పొరుగు రాష్ట్రపు కూలీ దిగినప్పుడు, వాడివల్లే మనకు పని పోయిందనే మాట వినిపిస్తున్నది. ఆ మాట అన్నవాడు చాలాసార్లు నిజంగానే పని పోయినవాడు. అతణ్ణి ఎగతాళి చెయ్యకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఆ కూలీని ఎవరు తెచ్చారు, ఎంతకు తెచ్చారు, మిగిలినది ఎవరి జేబులోకి పోయింది అని అతనితో కలిసి లెక్కవేయాలి. లెక్కలు రాయడం వచ్చిన స్టీవెన్స్ 1914లో వేయకుండా వదిలేసిన లెక్క అదే.